అండాలు చేతికే చేపే బర్రె

దేవరకొండ నుంచి కల్వకుర్తి దిక్కు పోయే తొవ్వల, రోడ్డు దిగి జరంత లోపలికి పోతే ఒక ఊరుంటది. ఆ ఊర్ల ఎవల్నన్న ఆపి "పెద్దులు ఇల్లేది?" అని అడుగుర్రి. ఇల్లు సూపెట్టక ముందే బర్రె ముచ్చట అందుకుంటరు. "గదే, అండాలు చెయ్యికి తప్ప ఇంకెవల చెయ్యికీ చేపని బర్రె ఉన్నది సూడు, ఆ ఇల్లు" అంటరు. చేపుడంటే పొదుగులకు పాలు దిగుడు. బర్రెకు మనసైతేనే దిగుతయి, లేకుంటే దేవుడొచ్చి బకెటు పట్టుకుని కూసున్నా సుక్క రాలదు. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటదని దాన్ని సుక్కబర్రె అంటరు. ఊరు ఊరంతా నమ్మిన ముచ్చట ఇది. అందరికంటె ఎక్కువ అండాలే నమ్మింది. తిప్పలంత ఆడనే మొదలైంది.

అండాలు పెద్దులు పెండ్లాం. నలభై దాటింది. ఎత్తు మనిషి, గట్టి మనిషి, గాని ఆమె నిమ్మళంగ నడిచింది ఊర్ల ఎవలూ సూడలే. వెనుకనుంచి పిలిస్తే ఆగకుంటనే తల తిప్పి మాట్లాడ్తది. ఎందుకంటే ఆమెకు ఎప్పుడూ పాలయాల్లే, పాలు పిండే టైమే. పొద్దుగాల పిండాలె, పాలకేంద్రంల పొయ్యాలె. మాపటికి మల్ల పిండాలె, మల్ల పొయ్యాలె. నడుమ ఉన్నదంత పత్తిచేను.

ఎట్ల మొదలైందంటే, సుక్కబర్రె తొలిసూరు ఈనినప్పుడు పెద్దులు ఒకనాడు పిండవోయిండు. అది ఒక్క తన్ను తన్నింది. బకెటొక దిక్కు, పెద్దులొక దిక్కు పడ్డరు. లేసి దుమ్ము దులుపుకుంట "ఇది నీ చెయ్యి మరిగిందే అండాలూ, నాతోని కాదు" అన్నడు. గంతే, ఆ మాట శిలాశాసనమైంది. పెద్దులు తల్లి గుర్వమ్మ పిండుతదా అంటే, ఆమె చేతివేళ్లు వాతమొచ్చి వంకర్లు పోయి ఉండె. మొదట్ల అండాలుకు ఖుషీగనే ఉండె, అబద్ధమెందుకు! ఇంట్ల ఒక పానం నిన్ను తప్ప ఇంకొకల్ని ఒప్పుకోదంటే ఎవలకు సంబురంగాదు? తర్వాత తర్వాత తెలిసింది, ఆ సంబురమే మెడకు తలుగు తాడైందని.

చెల్లె బిడ్డ లగ్గానికి పోయింది. తలంబ్రాలు పడంగనే, అక్షింతలు చేతులనే ఉండంగ, ఆటో ఎక్కింది. తల్లిగారి ఊర్ల బోనాలకు పోతే బోనం దించకముందే తిరుగు బస్సు కోసం ఉరికింది. సుట్టాలంత ఎగతాళి చేస్తుండె: "అండాలొచ్చిందిరా, బువ్వ జల్ది పెట్టుర్రి, బర్రె కోపం జేస్తది!" ఆమె గూడ వాళ్లతోని నవ్వుతుండె. బస్సెక్కినంక మాత్రం కొంగు నోట్లె కుక్కుకుని ఏడుస్తుండె. బర్రె ఎండుకపోయినప్పుడన్న ఇడుపు దొరకదా అంటరేమో. సుక్కబర్రె ఎండే నాటికి దాని బిడ్డ ఈనింది. "దీనికీ తల్లి బుద్ధే వచ్చింది" అని చెప్పి పెద్దులు దాని దగ్గరికి గూడ పోలే. తల్లిబిడ్డలు వంతులు పెట్టుకున్నట్టు పాలిచ్చుడు, అండాలు ఊర్లె ఉండుడు.

పెద్దులు చెడ్డోడా అంటే కాదు. తాగడు, చెయ్యెత్తడు. గొంతు బంగారం. చిరుతల రామాయణంల లక్ష్మణుడి వేషం కడ్తడు. చిరుతలంటే మీకెరుకే గదా, చేతుల్ల చెక్కలు గల్లుగల్లుమనిపిస్తూ గుండ్రంగ తిరుగుకుంట రామాయణం పాడుడు. నెలల తరబడి నేర్చుకుంటరు, దినాల తరబడి ఆడ్తరు. వాళ్ల ఆట బాగుందని సుట్టుపక్కల ఊర్లోళ్లు పిలిస్తే పోయి రెండ్రోజులు, మూడ్రోజులు ఉండి వస్తుండె. గజ్జెల సంచి భుజానికేసుకుని పోతుంటే ఊరంత "లక్ష్మణా, పైలం" అని సాగనంపేది. ఇంట్ల పనెట్ల, గడ్డెవలు కోస్తరు అని అతన్ని ఒక్కలు గూడ అడిగింది లేదు. ఎందుకడుగుతరు? అండాలుంది గదా.

ఇగ కోలాటం ముచ్చట. తెలంగాణ వచ్చినంక మూడు నాలుగేండ్లకు ఊరూర ఆడోళ్లు మల్ల కోలలు పట్టిన్రు. ఫోన్లల్ల చూసి కొందరు, పోటీలకు కొందరు. ఈ ఊరికి మాత్రం పక్కూరి నుంచి పర్వతాలు అనే ముసలాయన వచ్చి నేర్పుతనన్నడు. మోకాళ్లు సహకరించవు గాని నోరు గట్టిది. పాలకేంద్రం ముందట జాగల మాపటీలి మొదలువెట్టిన్రు. పక్కింటి నర్సింగమ్మ చెయ్యి పట్టి గుంజుకపోతే, పాలు పోసిన ఖాళీ బకెటు గోడ పక్కన పెట్టి అండాలు వోయి నిలబడ్డది. చేతులకింక పేడ వాసన ఉండె.

కోల తాకంగనే ఏమైందో గాని, ఆమె నవ్వింది. ఊరికెనే నవ్వింది. పెండ్లయినప్పటి సంది ఆమె చేసిన ప్రతి పనికీ ఒక అక్కెర ఉండె. పొయ్యి ముట్టించుడు బువ్వకు, పత్తి ఏరుడు ఇంటికి, పాలు పిండుడు కేంద్రానికి. ఇది మాత్రం దేనికీ కాదు. దేనికీ కాని పని చెయ్యడానికి ఆమెకు కాళ్లున్నయని అయ్యాల్నే తెలిసింది. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్లు నొప్పులు గూడ తియ్యగున్నయి.

"కోలలు కొట్టుకుంటే కుండ నిండుతదా?" అని గుర్వమ్మ మొకం తిప్పింది.

"నీ కొడుకు చిరుతలు కొడితే నిండిందా అత్తా?" అన్నది అండాలు.

"వాడు మొగోడు."

ఆ ముసలామెతోని ఏం వాదిస్తవ్! ఆట ఎందుకు, పాట ఎందుకు అనేటోళ్లు ఊరూర ఉంటరు. పత్తికి తెగులొస్తే మందు కొడ్తరు, బోరెండితే ఇంకో బోరేస్తరు. మనిషి లోపల ఎండితే మాత్రం ఎవలకు పట్టదు. నాకు పట్టింది, అందుకే చెప్తున్న. అండాలు ఆ మాపటి గంట కోసం పొద్దంత పనిని ఉరుకుల పరుగుల మీద చేసేది. నర్సింగమ్మ ఆమెకు జోడి. ఇద్దరు ఎదురెదురు వస్తే కోలల చప్పుడు ఊరవతలకు వినబడేది.

పర్వతాలు వాళ్లకు జడకోలాటం నేర్పిండు. నడుమ ఎత్తుగ ఒక కట్టె, దాని కొసకు రంగు రంగుల తాళ్లు. ఒకచేత తాడు, ఒకచేత కోల పట్టుకుని, సగంమంది ఇటు, సగంమంది అటు, ఒకలి కిందినుంచి ఒకలు దాటుకుంట తిరుగుతుంటే పైన తాళ్లు జడలెక్క అల్లుకుంటయి. మల్ల ఎదురు తిరిగి అదంత ఇప్పాలె. ఒక్కలు తప్పు కాలేస్తే ముడి పడ్తది. ఒక్కలు లేకుంటే జోడి చెడి ఆటే సాగదు. ముందు నడిచేది అండాలు. మిగిలినోళ్లంత ఆమె అడుగు చూసి అడుగేస్తరు.

ఇట్ల ఆడుకుంట ఆడుకుంట ఉండంగ, భువనగిరి దిక్కు ఒక గుడి ఉత్సవానికి రమ్మని పిలుపొచ్చింది. రెండు మాపులు ఆట. రాత్రి ఆడనే ఉండాలె. అందరూ ఒక్క రంగు చీరెలు కొన్నరు. ఖిల్లా ఎక్కుతమని ఒకలు, ఫోటోలు దిగుతమని ఒకలు. అండాలు గూడ చీరె కొన్నది గాని మడత ఇప్పలే. ఎట్ల పోతది? రెండు మాపులు, రెండు పొద్దులు. బర్రె?

పెద్దులును అడిగింది. అతను బీడీ ముట్టించుకుంట "పో, నేనొద్దన్ననా? నన్నెందుకడుగుతవ్, బర్రెనడుగు" అన్నడు. చూసిన్రా తెలివి! కాదన్న పాపం బర్రె నెత్తిన, ఔనన్న పుణ్యం తనకు. ఆలికి అన్నంబెట్టి ఊరికి ఉపకారం చేసినట్టు నలుగుర్ల గూడ చెప్పుకున్నడు, నేనైతే పొమ్మన్న అని.

నర్సింగమ్మ ఉపాయం చెప్పింది. "అక్కా, మా తల్లిగారి ఊర్ల మొగోళ్లు పెండ్లాం చీరె కట్టుకుని పిండుతరు. బర్రెకు కావాల్సింది చీరె వాసన. బావకు నీ చీరె కట్టు, నువ్వు ఇంట్ల తలుపేసుకుని కూసో." పెద్దులు ముందు ససేమిరా అన్నడు. తర్వాత వాడకట్టు ఆడోళ్లంత వెంటబడితే ఒప్పుకున్నడు. విడిసిన చీరె నడుముకు చుట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, మీసాలతోని కొట్టంలకు నడుస్తుంటే ఆ నవ్వులు ఇన్నన్ని గావు! "లక్ష్మణుడు పోయి ఊర్మిళ వచ్చింది" అన్నదొకామె. అందరినీ బయటనే ఆపి తడిక మూసిండు.

అండాలు ఇంట్ల తలుపెనుక నిలబడి దేవునికి మొక్కింది. ఈ ఒక్కపాలి చేపు తల్లీ, నీకు తవుడు ఎక్కువ పెడ్త అని బర్రెకూ మొక్కింది. జరసేపటికి ధన్‌మని తన్నిన చప్పుడు. బకెటు దొర్లిన చప్పుడు. పెద్దులు చీరె చేతిల పట్టుకుని బయటికొచ్చి "చెప్పిన గదా" అన్నడు. అండాలు కొట్టంలకు పోయి సుక్కబర్రె మెడ మీద చెయ్యేసి "నీకేం పాపం చేసిన్నే నేను?" అన్నది. అది ఆమె చెయ్యి నాకింది.

తనతోని కాదని ఆమె అంటే పర్వతాలు ఊకోలే. "బిడ్డా, నువ్వు లేకుంటే నర్సింగమ్మకు జోడి లేదు. జోడి లేకుంటే జడ లేదు" అన్నడు. ఆఖరికి ముసలాయనే "సరే, నీ తాడు నేను పడ్త, కాళ్లు ఇరిగినా సరే" అన్నడు. పోయే దినం పొద్దుగాల వ్యాను పాలకేంద్రం ముందట ఆగింది. ఒక్క రంగు చీరెలల్ల అందరూ ఎక్కిన్రు. అండాలు పాల బకెటు రెండు చేతుల పట్టుకుని ఆడనే నిలబడ్డది. నర్సింగమ్మ కిటికీలకెళ్లి చెయ్యి ఊపింది. అండాలు ఊపుదామంటే రెండు చేతులూ ఖాళీగ లేవు.

ఆ దినం మధ్యాన్నం ఆమె కోపమంత గిన్నెల మీద సూపెట్టింది. గుర్వమ్మ వాకిట్ల కూసుని చాటల కందులు చెరుగుతుండె.

"ఏందే ఆ చప్పుడు? నా కొడుకేమన్నడు నిన్ను?"

"నీ కొడుకేమంటడు అత్తా? ఏమనడు, ఏం చెయ్యడు. ఏనాడన్న బర్రె కింద కూసున్నడా?"

కొడుకును అంటే ఆ ముసలామెకు పానం మీదికొస్తది. చాట కింద పెట్టింది. "ఎందుకు కూసోలే? నీకు డెంగ్యూ జరమొచ్చి దవాఖానల పండుకున్నప్పుడు పొద్దుమాపు ఎవలు పిండిన్రనుకున్నవ్? మీ నాయినొచ్చి పిండిండా? నా కొడుకే పిండిండు! బకెటు నిండ పిండిండు, ఒక్క సుక్క కింద పోనియ్యలే!"

సోదికి పోతే పాత రంకు బయటపడ్డట్టయింది. నోరు జారిందని గుర్వమ్మకు అప్పుడెరుకైంది. చాట తీసుకుని చెరిగిన కందులే మల్ల చెరగవట్టింది.

అప్పుడు దవాఖానల మంచం పక్కన నిలబడి పెద్దులు ఏమన్నడో అండాలుకు మంచిగ యాదికున్నది. "పాలన్ని దుడ్డెకే ఇడిసిపెడుతున్నం, నువ్వు లేక బర్రె ఎండేటట్టున్నది, జల్ది లేసి రా" అన్నడు. ఆ మాటకే ఆమె డాక్టరు ఒద్దన్నా ఇంటికొచ్చింది. అయితే అదంత ఉత్తదేనా? మరి మొన్న చీరె కట్టుకుని చేసిందేంది? దుడ్డెను ఇడువక, చెయ్యి తడపక, పొడి వేళ్లతోని గుంజితే ఏ బర్రె తన్నదు? తడిక అందుకే మూసిండు.

కోలాటం సంగతి ఆమెకు అప్పుడు సోయిల లేదు. భువనగిరి లేదు, చీరె లేదు. ఆమెకు తల్లి గుర్తుకొచ్చింది.

దవాఖాన నుంచి వచ్చిన మల్ల యాడాది ఆమె తల్లికి పానం బాగలేదని కబురొచ్చింది. తల్లిగారి ఊరు కల్వకుర్తి అవతల. అండాలు పొద్దుగాల పాలు పోసి పోయి, తల్లి మంచం పక్కన కూసుని కాళ్లు వత్తింది. మధ్యాన్నం దాటంగనే పెద్దులు ఫోను. "బర్రె ఒర్రుతాంది, ఎవల్నీ దగ్గరికి రానిస్తలేదు, ఉన్నపళంగ రా." అండాలు లేసింది. తల్లి ఆమె కొంగు పట్టుకున్నది. "ఈ ఒక్క పూట ఉండరాదు బిడ్డా" అన్నది. "పొద్దుగాల వస్త అమ్మా, మూగజీవం, పొదుగు సలుపుతది" అని చెప్పి వేళ్లు ఒక్కొక్కటి ఇడిపించుకుని బస్సెక్కింది. తెల్లారేసరికి తల్లి లేదు.

ఆ వేళ్లు ఇడిపించిన చేతులు ఇవే. అండాలు వాటిని సూసుకున్నది. ఏడుద్దామంటే ఏడుపు గూడ రాలే.

మాపయింది. పాలయాల్ల దాటింది. అండాలు అరుగు మీద కూసున్నది, లేవలే. బర్రె ఒర్రింది. దుడ్డె తాడు తెంపుకునేటట్టు గుంజుతాంది. దాని తప్పేమున్నది? దాన్నీ, తననూ ఇద్దరినీ ఒక్క గుంజకే కట్టేసిన్రు. లేద్దామని మోకాలి మీద చెయ్యేసి కూడ ఆపుకున్నది.

పెద్దులు చేనుకాడినుంచి వచ్చిండు. "ఏమే, బర్రె ఒర్రుతాంది, వినవడ్తలేదా?"

"వినవడ్తాంది."

"మరి?"

"దవాఖాన ముచ్చట అత్త చెప్పింది."

పెద్దులు తల్లి దిక్కు చూసిండు. గుర్వమ్మ లేసి ఇంట్లకు పోయింది. అతను బకెటు తీసుకున్నడు. దుడ్డెను ఇడిసిండు. చెయ్యి తడిపిండు. బర్రె కింద కూసున్నడు. ఈసారి తడిక మూయలే.

పాలు బకెట్ల పడుతున్న చప్పుడు మొదలైంది. సర్రుసర్రుమని, రెండు చేతుల ధార, ఎక్కడా ఆగకుంట. కొత్తగ పిండేటోని చెయ్యి కాదది. అండాలు ఇన్నది. బర్రె కదలకుంట నెమరేస్తాంది, ఎవల చెయ్యి అయితే దానికేంది!

"మా అమ్మ పోయిన మాపు నన్నెందుకు పిలిచినవ్?" అన్నది.

పెద్దులు చేతులు ఆగలే. మొకం బర్రె పక్కకు ఆనిచ్చి ఉన్నది.

"చెప్పు. నీకు పిండుడు వస్తుండె గదా. ఎందుకు పిలిచినవ్?"

"ఆ మాపు ఆటుండె అండాలూ" అన్నడు పెద్దులు. "పాలయాల్లకే పోయి రంగేసుకోవాలె. లక్ష్మణుడు లేకుంటే ఆటెట్ల నడుస్తది? ఊరంత నా కోసమే చూస్తుండె."

"నాకోసం మా అమ్మ ఒక్కతే చూస్తుండె" అన్నది అండాలు.

పాల చప్పుడు ఆగింది. పెద్దులు ఆటంటే ఏందో తెలిసినోడే, దాని కోసం ఎంత దూరమన్న పోయేటోడే. ఆ ఆట రుచి ఇంట్ల ఇంకో మనిషికి ఉండొచ్చనేది మాత్రం అతనికి తోచలే. ఇప్పుడు తోచింది, గాని అండాలు తల్లి మల్ల రాదు.

పొద్దువోయినంక నర్సింగమ్మ ఫోను చేసింది. "అక్కా, పర్వతాలు తాత మోకాళ్లు పట్టుకుపోయినయి. జడ సగమల్లినంక ముడిపడి ఆపేసిన్రు. రేపు మాపు జడ లేదంట, ఉత్త కోలాటమే అంట. అందరం ఇజ్జత్ పోయినట్టు కూసున్నం." అండాలు "ఉంచుమను" అన్నది. "ఏంది?" అన్నది నర్సింగమ్మ. "జడ ఉంచుమను. నేనొస్తున్న" అని ఫోను పెట్టేసింది.

తెల్లారి మొదటి బస్సుకు ఆమె మడత ఇప్పని ఆ కొత్త చీరె ఇప్పి కట్టుకున్నది. కోలలు సంచిల పెట్టుకున్నది. గుర్వమ్మ గడపల కూసుని చూస్తాంది. అండాలు కొట్టం దిక్కు పోలే. పోతే మనసు మారుతదని ఆమెకు భయం. బర్రె ఒక్కసారి ఒర్రితే ఆమె కాళ్లు ఇంకా ఆగుతయి, అది అంత జల్ది పోయే అలవాటు కాదు.

పెద్దులు ఖాళీ బకెటు పట్టుకుని వాకిట్లకొచ్చిండు. బండి మీద బస్టాండు దాక దింపుతనన్నడు. ఒద్దన్నది. నాలుగడుగులు వెంట నడిచిండు.

"మాపటికల్ల వస్తవ్ గదా?" అన్నడు.

"రాను" అన్నది అండాలు.

పెండ్లయినప్పటి సంది ఆ మాట ఆమె నోట ఆ ఇంట్ల ఎవలూ వినలే. ఆమె గూడ వినలే. తొవ్వ పట్టి, మొదటిసారి నిమ్మళంగ నడుసుకుంట పోయింది.